ఫిబొనాచీ సంఖ్యలు నిజంగా అన్నిచోట్లా ఉన్నాయా? అనాసపండు, ఆయిల్ పామ్ తోట, కంద పద్యం

మీ అబ్బాయి తొమ్మిదో తరగతి ప్రాజెక్టు కోసం మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. పూలు, గవ్వలు, గెలాక్సీలు, మన చెయ్యి, అన్నిట్లోనూ ఫిబొనాచీ సంఖ్యలే ఉన్నాయని వీడియోల్లో చెప్తున్నారు, నిజమేనా? ఉంటే ఎందుకు ఉన్నాయి? దీన్ని ముందు కనిపెట్టింది మనవాళ్ళేనని వాట్సాప్‌లో తిరుగుతోంది, అదైనా నిజమేనా? మొదటిదాంట్లో సగానికి పైగా అబద్ధం. రెండోదానికి చక్కటి జవాబు ఉంది. మూడోది నిజమే, కానీ వాట్సాప్‌లో చెప్పే కారణానికి కాదు. నేను డిగ్రీ కాలేజీల్లో ముప్పై ఏళ్ళకు పైగా బోటనీ చెప్పి రిటైరయ్యాను, లెక్కల మాస్టారిని కాను, అందుకని లెక్క వచ్చిన చోట నాకు అర్థమైన భాషలోనే చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

వరస తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. 1, 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55, 89, 144... ముందున్న రెండూ కలిపితే తర్వాతది వస్తుంది, అంతే. పెద్ద అంకెల దగ్గరికి వెళ్ళి ఒకదాన్ని దాని ముందుదానితో భాగిస్తే 1.618 చుట్టూ తచ్చాడుతుంది, దాన్ని స్వర్ణ నిష్పత్తి అంటారు.

ఇప్పుడు ఒక అనాసపండు తెచ్చి బల్ల మీద నిలబెట్టండి. పైనున్న కళ్ళు అడ్డదిడ్డంగా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ ఒక్క నిమిషం చూస్తే వరసలు తేలతాయి. కుడివైపుకి వాలుగా మెల్లగా ఎక్కే వరసలు కొన్ని, వాటికి ఎదురుగా ఎడమవైపుకి కాస్త నిటారుగా ఎక్కేవి కొన్ని, ఇవి కాక ఇంచుమించు నిలువుగా పోయేవి ఇంకొన్ని (కొన్ని పండ్లలో కుడి ఎడమలు తారుమారుగా ఉంటాయి, కంగారు పడకండి). ఒక కన్ను దగ్గర గుండుసూది గుచ్చి, అక్కడినుంచి ఒక్కో వరస దాటుతూ పండు చుట్టూ తిరిగి మళ్ళీ ఆ సూది దగ్గరికే వస్తే, మామూలు సైజు పండులో మెల్లగా ఎక్కేవి 8, ఎదురుగా ఎక్కేవి 13, నిలువుగా పోయేవి 21 ఉంటాయి. చిన్న కాయైతే 5, 8, 13 రావచ్చు. నేను పిల్లలతో ఇది చేయించినప్పుడల్లా ల్యాబ్‌లో మొదట అందరూ 12 అనో 14 అనో అనేవారు, రెండోసారి రంగు దారం చుట్టి లెక్కపెడితే 13కి వచ్చి ఆగేది.

ఇది యాదృచ్ఛికం కాదని ఎలా తెలుస్తుంది? వీడియోలు చేసేవాళ్ళు ఎగరగొట్టేది ఈ ప్రశ్ననే. 1 నుంచి 8 దాకా ఉన్న ఎనిమిది అంకెల్లో 1, 2, 3, 5, 8 అనే అయిదూ ఫిబొనాచీవే. అంటే చిన్న అంకెల్లో కళ్ళు మూసుకుని రాయి వేసినా సగం సార్లు తగులుతుంది. మందారానికి 5 రేకలు, గన్నేరుకి 5, ఉమ్మెత్తకి 5 అని చూపించి "చూశారా ఫిబొనాచీ" అంటే, ఆవపువ్వుకి 4, నూరువరహాలకి 4 అని నేనూ చూపిస్తాను. పారిజాతాలైతే మరీ. తెల్లారి చెట్టు కింద ఏరుకొచ్చి అరచేతిలో పెట్టుకుని లెక్కపెట్టండి, ఒకే చెట్టువే 5 నుంచి 8 దాకా ఎన్ని రేకలైనా ఉంటాయి, 6 చాలా మామూలు. కానీ 20కీ 100కీ మధ్య చూస్తే ఫిబొనాచీ సంఖ్యలు నాలుగే: 21, 34, 55, 89. ఆ ఎనభై చిల్లర అంకెల్లోంచి మళ్ళీ మళ్ళీ ఆ నాలుగే వస్తుంటే అప్పుడు కూర్చుని ఆలోచించాలి. పొద్దుతిరుగుడు పువ్వులో సరిగ్గా అదే జరుగుతుంది. గింజలు ఒకవైపు 34 సుళ్ళు, ఇంకోవైపు 55 సుళ్ళు తిరుగుతాయి, పెద్ద పువ్వులైతే 55, 89.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో కర్నూలు జిల్లాలో ఉన్నాను, ఊరు దాటితే పొద్దుతిరుగుడు చేలే. ప్రాక్టికల్స్‌కి తలా ఒక పువ్వు తెమ్మని, స్కెచ్ పెన్నులతో సుళ్ళు రంగు వేసి లెక్కపెట్టమన్నాను. ఒక కుర్రాడు 47 అని రాశాడు. తప్పు, మళ్ళీ లెక్కపెట్టు అన్నాను. పాపం మళ్ళీ పెట్టాడు, 47. ఇంకో వైపు 76 వచ్చిందన్నాడు. నేను రికార్డులో ఎర్రసిరాతో కొట్టేసి "55 ఉండాలి" అని రాశాను. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. చాలా ఏళ్ళ తర్వాత లూకాస్ సంఖ్యల గురించి చదివినప్పుడు నాకు చెమటలు పట్టాయి: 1, 3, 4, 7, 11, 18, 29, 47, 76. అదే సూత్రం, ముందు రెండూ కలిపితే తర్వాతది, మొదలు మాత్రం వేరు. పొద్దుతిరుగుడులో కొన్ని పువ్వులు ఈ వరసలో వస్తాయి. కుర్రాడు కరెక్టు, నేను తప్పు. కొట్టేసిన ఆ పేజీ ఇప్పటికీ గుర్తొస్తుంది.

దీని మీద ఇంగ్లండులో మాంచెస్టర్‌లో పెద్ద ఎత్తున లెక్క జరిగింది. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన అలన్ ట్యూరింగ్ తన చివరి ఏళ్ళలో ఈ ఆకులు, గింజల అమరిక గురించే పని చేస్తూ 1954లో పోయాడు, అది పూర్తికాలేదు. ఆయన శతజయంతి 2012లో వచ్చినప్పుడు మామూలు జనం చేత పొద్దుతిరుగుడు పెంచించి, 657 పువ్వుల సుళ్ళు లెక్కపెట్టించారు, 2016లో ఫలితాలు అచ్చయ్యాయి. ఒక్కో పువ్వుకి కుడి, ఎడమ అని రెండు లెక్కలు కదా, వాటిలో స్పష్టంగా తేలిన 768 లెక్కల్లో 565 ఫిబొనాచీ సంఖ్యలే. అంటే నాలుగింట ఇంచుమించు మూడు. మిగతావాటిలో లూకాస్ సంఖ్యలు కొన్ని, ఫిబొనాచీకి రెట్టింపువి కొన్ని, ఒకటి అటూ ఇటూ అయినవి కొన్ని, ఏ వరసకీ చెందనివి కొన్ని. నాలుగింట మూడు అంటే చాలా ఎక్కువ, కానీ "ప్రకృతి ఎప్పుడూ తప్పదు" అనే డైలాగుకి అది సరిపోదు.

సరే, ఎందుకు? ఇక్కడే అసలు సంగతి ఉంది. మొక్కకి ఫిబొనాచీ తెలియదు, కూడికలూ తెలియవు. దానికి తెలిసిందల్లా కొత్త ఆకు మొగ్గ ఎక్కడ పెట్టాలో, అంతే.

కొబ్బరిచెట్టుకి మొవ్వు ఉంటుంది చూడండి, అలాంటిదే ప్రతి కొమ్మ చివరా కంటికి కనపడనంత చిన్నది ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని అగ్ర విభాజ్య కణజాలం అంటారు. చిన్న గుమ్మటంలా ఉండే దాని అంచున ఒకదాని తర్వాత ఒకటి ఆకు మొగ్గలు పుడతాయి, మొవ్వు పెరిగేకొద్దీ పాత మొగ్గలు బయటికి జరుగుతాయి. కొత్తది ఎక్కడ పుడుతుంది? ఇంతకుముందు పుట్టినవాటికి వీలైనంత దూరంగా, ఎక్కడ ఎక్కువ ఖాళీ ఉంటే అక్కడ. బస్సెక్కినవాడు ఎవరి పక్కనా కూర్చోకుండా ఖాళీ సీటు వెతుక్కున్నట్టు. ఈ నియమాన్ని జర్మనీకి చెందిన హాఫ్‌మైస్టర్ 1868లోనే చెప్పాడు. దీని వెనకున్న రసాయనం మాత్రం మొన్నమొన్న, 2003 ప్రాంతంలో తేలింది. ఆక్సిన్ అనే హార్మోను ఎక్కడ పోగుపడితే అక్కడ మొగ్గ లేస్తుంది, లేచిన మొగ్గ తన చుట్టుపక్కల ఉన్న ఆక్సిన్‌ని లాగేసుకుంటుంది, దాంతో దాని పక్కన ఇంకోటి లేవడానికి సరుకు ఉండదు, కాస్త దూరంలోనే మళ్ళీ పోగుపడాలి. పిన్1 అనే ప్రోటీను ఈ ఆక్సిన్‌ని అటూ ఇటూ మోస్తుంది. ఆ ప్రోటీను పాడైన ఆవజాతి మొక్కల్ని ల్యాబుల్లో చూస్తే పూలూ ఆకులూ లేకుండా బోడి సూదిలాంటి కాడ పైకి లేస్తుంది. అలాంటి కాడ చివర ఒక పక్కన చుక్క ఆక్సిన్ పెడితే సరిగ్గా అక్కడే మొగ్గ వచ్చింది.

ఇలా "ఉన్నవాటికి దూరంగా" అని ఒక్కో మొగ్గా పెట్టుకుంటూ పోతే, ఒక మొగ్గకీ తర్వాతి మొగ్గకీ మధ్య కోణం కొన్నిటి తర్వాత ఇంచుమించు 137.5 డిగ్రీల దగ్గర స్థిరపడుతుంది. దాన్ని స్వర్ణ కోణం అంటారు. వృత్తాన్ని 222.5, 137.5 కింద రెండు ముక్కలు చేస్తే పెద్దదానికీ చిన్నదానికీ ఉన్న నిష్పత్తి ఆ 1.618. ఫ్రాన్స్‌లో బ్రావే అన్నదమ్ములు 1837లోనే ఈ కోణాన్ని మొక్కల్లో పట్టుకున్నారు.

ఇప్పుడు పెన్నూ కాగితం తీసుకోండి. మొదటి ఆకు సున్నా డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. ఒక ఆకు నుంచి తర్వాత పుట్టిన ఆకుకి జరగడాన్ని ఒక అడుగు అందాం. అయిదు అడుగుల తర్వాత, అంటే ఆరో ఆకు, 5 × 137.5 = 687.5. రెండు చుట్లు 720, కాబట్టి మొదటిదానికి 32.5 డిగ్రీలు వెనక. ఎనిమిది అడుగుల తర్వాత 8 × 137.5 = 1100, మూడు చుట్లు 1080, అంటే 20 డిగ్రీలు ముందు. పదమూడు అడుగులకి 1787.5, అయిదు చుట్లు 1800, అంటే 12.5 వెనక. ఇరవై ఒకటికి 2887.5, ఎనిమిది చుట్లు 2880, 7.5 ముందు. ముప్పై నాలుగుకి సుమారు 5 వెనక. ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క, ప్రతిసారీ ఇంకాస్త దగ్గరగా. మధ్యలో 6, 7, 9 వేసి చూడండి, వందకి పైగా డిగ్రీలు ఎటో పోతాయి. అంటే ఒక ఆకుకి నేరుగా పైనో కిందో, పక్కనో కనిపించే ఆకు 5, 8, 13, 21 అడుగుల దూరంలో పుట్టినదే అవుతుంది. మన కన్ను దగ్గరదగ్గరగా ఉన్నవాటిని కలిపి వరసలుగా చూస్తుంది. అందుకే 8 వరసలు, 13 వరసలు, 21 వరసలు. పండు మీద ఉన్నది ఒక్క కోణమే, ఈ అంకెలన్నీ ఆ కోణం నీడలు.

ఇది పుస్తకాల లెక్క అనుకుంటారేమో, మన ఆయిల్ పామ్ రైతులకి ఇది రోజువారీ పని. ఏలూరు జిల్లా పెదవేగి దగ్గర కేంద్ర ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది, ఆ చుట్టుపక్కలంతా తోటలే. ఎరువు ఎంత వెయ్యాలో తేల్చడానికి ఆకు పరీక్ష చేయిస్తారు కదా, కాపు తోటల్లో దానికి 17వ ఆకే తియ్యాలి. చెట్టుకి నలభై దాకా మట్టలు గొడుగులా పరుచుకుని ఉంటాయి, వాటిలో పదిహేడోది ఏదో ఒక్కొక్కటీ లెక్కపెట్టాలంటే చెట్టు చుట్టూ ఆరుసార్లు తిరగాలి, మధ్యలో లెక్క తప్పుతుంది. మా బావమరిది తోటలో నేను చూశాను, శాంపిల్ తీసే కుర్రాడు పైకి చూసి పూర్తిగా విచ్చుకున్న మొదటి మట్టని పట్టుకున్నాడు, గెడ కొనతో దాని కిందుగా కాస్త పక్కకి ఉన్న మట్టని చూపించి "తొమ్మిది" అన్నాడు, అదే వాలులో దాని కిందది చూపించి "పదిహేడు" అన్నాడు, కొడవలి పెట్టి దాని మధ్య నుంచి నాలుగు ఆకులు కోసుకున్నాడు. ఇరవై సెకన్లు పట్టలేదు. ఒకటి, తొమ్మిది, పదిహేడు: ఎనిమిదేసి అడుగులు. పైన లెక్కలో 8 దగ్గర 20 డిగ్రీలు పక్కకి వచ్చింది కదా, ఆ "కాస్త పక్కకి" అదే. ఇదేంటో తెలుసా అని నేను ఫిబొనాచీ మొదలెట్టబోతే, ఎండ ఎక్కుతోంది సార్ ఇంకా పన్నెండు చెట్లున్నాయి అని వెళ్ళిపోయాడు. ఇంకో సంగతి, ఆ వాలు కొన్ని చెట్లలో ఎడమకి, కొన్నిట్లో కుడికి ఉంటుంది. కొబ్బరిలో కూడా అంతే. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో టి.ఎ. డేవిస్ అనే ఆయన కొబ్బరిచెట్ల కుడి ఎడమల మీద ఏళ్ళ తరబడి లెక్కలు తీశాడు.

మరి ఆ కోణమే ఎందుకు, 120 ఎందుకు కాకూడదు, 90 ఎందుకు కాకూడదు? 90 పెట్టి చూడండి, అయిదో గింజ మొదటి గింజ వెనకే వస్తుంది, మొత్తం నాలుగు చువ్వల మీద గింజలు పేరుకుని మధ్యలో అంతా ఖాళీ. 120కి మూడు చువ్వలు. 90 అంటే చుట్టులో నాలుగో వంతు, 120 అంటే మూడో వంతు, ఇలా చుట్టులో తేలికైన భిన్నం ఏది పెట్టినా ఇంతే, చక్రానికి చువ్వల్లా అయిపోతుంది. భిన్నం కాని సంఖ్య పెట్టాలి, అందులోనూ ఏ భిన్నానికీ సులువుగా చిక్కనిది పెట్టాలి. ఉదాహరణకి లెక్కల్లో వచ్చే పై (π) కూడా భిన్నం కాదు, కానీ బడిలో 22/7 పెట్టి పని నడిపించేశాం కదా, అంటే అది అంత తేలిగ్గా దొరికిపోతుంది. ఆ π పెట్టి గింజలు వేస్తే ఏడు చేతులు ఏర్పడి కూర్చుంటాయి. స్వర్ణ నిష్పత్తి మాత్రం అన్నిటికన్నా మొండిది, ఏ చిన్న భిన్నానికీ దగ్గరగా లొంగదు. దానికి ఉన్నవాటిలో మెరుగైన భిన్నాలు 8/5, 13/8, 21/13 ఇవే, మళ్ళీ ఫిబొనాచీవే. మీ అబ్బాయికి ఎక్సెల్ వస్తే ఇది ఇంట్లోనే చెయ్యొచ్చు. 1979లో వోగెల్ అనే ఆయన ఇచ్చిన సూత్రం: n వ గింజకి కోణం n × 137.508, మధ్య నుంచి దూరం n వర్గమూలం. అయిదొందల చుక్కలు వేస్తే అచ్చం పొద్దుతిరుగుడు. తర్వాత 137.508 తీసేసి 137.3 పెట్టమనండి. అర డిగ్రీ కూడా మారలేదు, కానీ పువ్వు విరిగిపోయి సుళ్ళ మధ్య సందులు పడతాయి. నేను మొదటిసారి ఇది స్క్రీన్ మీద చూసినప్పుడు రాత్రి భోజనం చల్లారిపోయింది.

ప్రాణం లేనిదాంతో కూడా ఇది చేసి చూపించారు. 1992లో పారిస్‌లో డువాడీ, కూడేర్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు ఒక పళ్ళెంలో సిలికాన్ నూనె పోసి, మధ్యలో అయస్కాంత గుణం ఉన్న ద్రవం బొట్లు ఒకదాని తర్వాత ఒకటి వేశారు. పళ్ళెం అంచున అయస్కాంత క్షేత్రం బలంగా ఉండేట్టు పెట్టారు కాబట్టి బొట్లు బయటికి జరుగుతాయి, ఒకదాన్ని ఒకటి నెట్టుకుంటాయి. మెల్లగా వేస్తే రెండు వైపులకి, ఎదురెదురుగా పోయాయి. తొందర తొందరగా వేస్తే 137.5 చుట్టూ తిరిగి ఫిబొనాచీ సుళ్ళు కట్టాయి. నూనెలో బొట్టుకి జన్యువులు లేవు, సూర్యకాంతి అవసరమూ లేదు. "ఆకులు ఒకదాని నీడ ఒకదాని మీద పడకుండా ఇలా అమరాయి" అని అన్ని పుస్తకాల్లోనూ రాస్తారు, నేనూ అలాగే చెప్పాను చాలా కాలం, నీడ తగ్గడం వల్ల కొంత లాభం ఉంటే ఉండొచ్చు గానీ అనాస కళ్ళకి, పువ్వు మధ్యలో గింజలకి నీడతో ఏం పని?

ఇక ఈ నియమం పట్టని మొక్కలు మన పెరట్లోనే బోలెడు. తులసి చూడండి, ఆకులు జంటగా ఎదురెదురుగా వస్తాయి, పై జంట కింది జంటకి అడ్డంగా తిరుగుతుంది, 90 డిగ్రీలు. జిల్లేడూ అంతే. వరి, జొన్న, మొక్కజొన్న ఆకులు రెండే వైపులకి, 180. మొక్కజొన్న పొత్తు మీద గింజల వరసలు 12, 14, 16 ఇలా సరిసంఖ్యలో ఉంటాయి, ఎందుకంటే ఒక్కో మొగ్గ రెండుగా చీలి జంట వరసలు అవుతుంది. "ఖాళీ ఉన్న చోట పెట్టు" అనే నియమం ఒకటే, మొగ్గ సైజూ మొవ్వు సైజూ మారితే, ఒకేసారి రెండు మొగ్గలు లేస్తే, ఫలితం మారిపోతుంది. ప్రాజెక్టులో ఇది పెడితే టీచరు మెచ్చుకుంటారు, అందరూ ఎలాగూ పొద్దుతిరుగుడు ఫొటోనే అతికిస్తారు.

వీడియోల్లో మిగతావి గబగబా చెప్పేస్తాను. నాటిలస్ అనే సముద్రపు జీవి గుల్ల అందమైన సర్పిలమే, కానీ అది ఒక్కో చుట్టుకీ సుమారు మూడు రెట్లు పెరుగుతుంది, స్వర్ణ సర్పిలం అయితే 6.85 రెట్లు పెరగాలి. రెండూ ఒకటి కావు. గెలాక్సీల చేతుల వంపు ఒక్కో గెలాక్సీకి ఒక్కోలా ఉంటుంది, తుఫాను సుడి గంటగంటకీ మారుతుంది. చేతికి 5 వేళ్ళు, వేలికి 3 కణుపులు అనేది చిన్న అంకెల మాయ. బొడ్డు ఎత్తుకీ మనిషి ఎత్తుకీ నిష్పత్తి అనేది టేపు ఎక్కడ పెడితే అక్కడ వస్తుంది. షేర్ల చార్టుల మీద గీసే 38.2, 61.8 గీతల గురించి నన్ను అడక్కండి, మా అల్లుడితో ఇప్పటికే గొడవైంది. తేనెటీగల సంగతి మాత్రం నిజం: పోతు తేనెటీగ ఫలదీకరణ జరగని గుడ్డు నుంచి పుడుతుంది, దానికి తల్లే గానీ తండ్రి ఉండడు, ఆడదానికి ఇద్దరూ ఉంటారు. ఒక పోతు ఈగ వంశవృక్షం వెనక్కి గీస్తే తల్లి 1, ఆపై తరంలో 2, ఆపై 3, 5, 8. ఇక్కడ కారణం కళ్ళముందుంది, ఎవరూ నమ్మించనక్కర్లేదు.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. ఫిబొనాచీ అని మనం పిలిచే పిసా నగరపు లియొనార్డో 1202లో ఒక పుస్తకం రాశాడు. తండ్రి పని మీద ఉత్తర ఆఫ్రికాలోని బుజియా రేవులో ఉండగా చిన్నప్పుడే మన అంకెల లెక్క నేర్చుకున్నాడు, ఆ పుస్తకం అసలు ఉద్దేశం ఆ అంకెల్ని యూరపు వర్తకులకి నేర్పడం. కుందేళ్ళ జంట ప్రతి నెలా ఒక జంటని కంటే, పుట్టిన జంటలు కూడా రెండో నెల నుంచి అలాగే కంటే, ఏడాదికి ఎన్ని జంటలు అని అందులో ఒక లెక్క, జవాబు 377. ఒక్క కుందేలూ చావదు ఆ లెక్కలో. ఆయన పేరు ఈ వరసకి తగిలించింది లూకాస్, 19వ శతాబ్దంలో, పైన నా పరువు తీసిన ఆ లూకాసే.

అంతకన్నా చాలా ముందే మన ఛందశ్శాస్త్రవేత్తలకి ఈ వరస తెలుసు. 600కీ 800కీ మధ్య ఉన్న విరహాంకుడు, 1135కి ముందున్న గోపాలుడు, 1150 ప్రాంతంలో గుజరాత్‌లో జైన ఆచార్యుడు హేమచంద్రుడు ముగ్గురూ రాశారు. కాకపోతే వాళ్ళు పువ్వుల్లో, గవ్వల్లో వెతకలేదు, వేదాల్లో రహస్యంగా దాచిపెట్టనూ లేదు. వాళ్ళ ప్రశ్న పద్యం గురించి: లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు, అయితే ఇన్ని మాత్రల పాదాన్ని ఎన్ని రకాలుగా కట్టొచ్చు?

ఇది మనకి తెలుగు క్లాసులోనే తెలిసిన విషయం, ఎవరూ ఇటు తిప్పి చెప్పలేదంతే. ఒక మాత్రకి ఒకటే: ల. రెండుకి రెండు: లల, గ. మూడుకి మూడు: లలల, లగ, గల. నాలుగు మాత్రలకి? చివర లఘువు ఉంటే ముందు మూడు మాత్రలు మిగులుతాయి, అవి 3 రకాలు. చివర గురువు ఉంటే ముందు రెండు మాత్రలు, అవి 2 రకాలు. 3 + 2 = 5. అవేమిటి? గగ, గలల, లగల, లలగ, లలలల. గణాల పేర్లు పెట్టి చదవండి: గగ, భ, జ, స, నల. కంద పద్యం గణాలు! "కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అని టెన్షన్ పడుతూ బట్టీ పట్టిన ఆ అయిదు గణాలూ నాలుగు మాత్రలకి సాధ్యమైన అయిదు రకాలే, ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. అయిదు మాత్రలకి 5 + 3 = 8 రకాలు. వాటిలోంచి నగ, సల, ర, త అనే నాలుగు, నాలుగు మాత్రల్లోంచి నల, భ అనే రెండు, ఇవీ మన ఇంద్రగణాలు. మూడు మాత్రల్లో లగ వదిలేసి న, హ తీసుకుంటే సూర్యగణాలు.

ఇక్కడే ఒక ఉచ్చు కూడా ఉంది, చూడండి. కందంలో మొదటి పాదానికి 3 గణాలు, రెండో పాదానికి 5, రెండూ కలిపితే 8. ఆహా 3, 5, 8 అని ఎగిరి గంతెయ్యకండి. గణాలు 5 రకాలు కావడానికి కారణం ఉంది, ఇందాక చేతి వేళ్ళ మీద చూపించాను, ఇంకోలా ఉండడానికి వీల్లేదు. పాదాలకి 3, 5 గణాలు అనేది మాత్రం కవులు పెట్టుకున్న కొలత, అందులో కూడికల సూత్రమేదీ లేదు, అంకెలు కలిశాయంతే. ఒకే పద్యంలో ఒకటి నిజం, ఒకటి కాకతాళీయం. మీరు పంపిన వీడియోలో ప్రతిదాన్నీ ఇలాగే విడదీసి చూడొచ్చు.

ఆ తర్వాత 1356లో నారాయణ పండితుడు దీన్నే కొంచెం మార్చి ఆవుల లెక్క ఇచ్చాడు, దూడ నాలుగో ఏట నుంచి ఈనుతుంది అని. అక్కడ కుందేళ్ళు, ఇక్కడ ఆవులు, ఎవరి పెరట్లో ఉన్నది వాళ్ళది.

మీ అబ్బాయి ప్రాజెక్టుకి నా సలహా: చార్టు మీద గెలాక్సీలు వద్దు. రెండు అనాసపండ్లు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, ఒక మొక్కజొన్న పొత్తు, ఒక తులసి రెమ్మ, పక్కన కంద గణాల పట్టిక. పండు కొనేటప్పుడు పక్కలు నలగనిది, కళ్ళు స్పష్టంగా ఉన్నది చూసుకోండి, కొట్టువాణ్ణి కింద చెక్క చెక్కనివ్వొద్దు, అడుగు వరసలు పోతే లెక్క తప్పుతుంది. మూడు రంగుల గుండుసూదులు తీసుకుని ఒక్కో దిక్కు వరసలకి ఒక్కో రంగు, ప్రతి వరస మొదట్లో ఒక్కటి. ఇద్దరు వేరువేరుగా లెక్కపెట్టి అంకె రాసుకోండి, తేడా వస్తే రెండూ రాయమనండి, ఎర్రసిరా వాడొద్దు. ప్రాజెక్టు అయ్యాక పండు ఎలాగూ తింటారు కాబట్టి, 8, 13, 21 కలిపి 42 సూదులూ డబ్బాలో పడ్డాయో లేదో చూసుకున్నాకే కత్తి పెట్టండి.